కచ్చా కుట్టు: బొత్తాల డబ్బాలో జత

పోయినవారం మోటారు కాలు ఎత్తిన చోట ఆగాం. ఎత్తిన కాలు ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్లకి నాలుగు మాటలు. కటింగ్ మాస్టర్ పేగులో గడ్డ లేస్తే ఆ ముక్క కోసి తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. కుట్టింది సర్జనమ్మ. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. మాస్టర్ లేచాడు, నడిచాడు, జావ తాగాడు. వార్డంతా మెచ్చుకుంది. తీరా ఇంటికి పంపుతారనుకుంటూ ఉండగా, పొట్ట పక్కనుంచి వేలాడే గొట్టంలో రాకూడని రంగు వచ్చింది. "అతుకు విడిపోయినట్టుంది" అని సిస్టర్ నోరు జారింది. ఆ మాట మాస్టర్ తమ్ముడి చెవిన పడింది. వాళ్ల దర్జీ దుకాణంలో అతన్ని అందరూ మోటారు అంటారు. కుట్టుమిషన్లు ఆగినా అతని నోరు ఆగదు. "మా అన్న కడుపు కోయడం వచ్చింది గానీ కుట్టడం రాలేదా!" అని అరుస్తూ వెళ్లి, వరండా చివర సర్జనమ్మ గది తలుపు మీదకి కాలెత్తాడు.

తన్నాడు. తలుపుకి లోపల గడియ లేదు. అది తేలిగ్గా తెరుచుకుని గోడకి కొట్టుకుంది. మోటారు తన్నిన ఊపుకి తనే లోపలికి తూలి, బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. పోట్లాటకి వచ్చినవాడు ముందు పడిపోకుండా చూసుకోవలసి రావడం ఎంత నామర్దా! ఆ నామర్దా కోపాన్ని రెట్టింపు చేసింది.

వెనకే కాజాలమ్మ వచ్చింది. ఈమె మాస్టర్ భార్య. చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టడంలో పెట్టింది పేరు, అందుకే ఆ పేరు. మరిదిని ఆపడానికే పరిగెత్తుకొచ్చింది గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

సర్జనమ్మ టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆగింది. తలుపు వంక చూసింది, మోటారు వంక చూసింది, గ్లాసు పక్కన పెట్టింది.

"కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. మా దుకాణంలో కుట్టు ఊడితే కస్టమరుకి దణ్ణం పెట్టి మళ్లీ కుట్టిస్తాం. మీరు దణ్ణం పెట్టక్కర్లేదు. మా అన్నయ్యని కుట్టిందెవరో చెప్పండి చాలు."

"నేనే."

"అయితే మీకు కుట్టడం రాదు."

"వచ్చు" అందామె. అందులో కోపం లేదు. రాత్రంతా నిద్రలేని మనిషి గొంతు అది. "కానీ మీరనుకునే కుట్టు వేరు. బట్టని ఎప్పటికీ పట్టి ఉంచేది దారమే. పేగు అలా కాదు. నేను వేసిన దారం కొన్నాళ్లు కదలకుండా పట్టుకుంటుంది, అంతే. ఆలోపు ఈ కొసా ఆ కొసా వాటంతట అవే అతుక్కోవాలి. అతుక్కోకపోతే దారం ఒక్కటీ ఎంతకని ఆపుతుంది?"

"కచ్చా కుట్టు" అంది కాజాలమ్మ గుమ్మంలోంచి.

సర్జనమ్మకి ఆ మాట తెలియదు. కాజాలమ్మే చెప్పింది. "అసలు కుట్టు పడేదాకా బట్ట జరక్కుండా ముందు వదులుగా ఒక కుట్టు వేస్తామండీ. తర్వాత దాన్ని లాగేస్తాం."

"ఆఁ, అదే. నాది కచ్చా కుట్టే. అసలు కుట్టు ఆయన ఒళ్లు వేసుకోవాలి."

"మరి ఎందుకు వేసుకోలేదు?"

ఆ ప్రశ్న అడిగింది మోటారు కాదు, కాజాలమ్మే. అడిగాక నాలిక కరుచుకుంది. కొన్ని తలుపులు మనమే తీస్తాం, తర్వాత ఎవరు తీశారా అని చుట్టూ చూస్తాం.

"చాలా కారణాలుంటాయి" అని సర్జనమ్మ బల్ల మీది కాగితాలు ముందుకి లాక్కుంది. "షుగర్ ఉన్నా, ఒంట్లో రక్తం లేకపోయినా, పొగ తాగే అలవాటున్నా అతుకు సరిగ్గా పడదు. కొన్ని మందులు వాడుతున్నా అంతే. చేర్చుకునేటప్పుడు మేము అడిగాం, మత్తు డాక్టరుగారు అడిగారు, ఆపరేషన్ రోజు మళ్లీ నేనడిగాను. మందులేవీ వాడరని చెప్పారు."

"వాడడు!" అన్నాడు మోటారు. "మా అన్నయ్య దగ్గు మందు కూడా ముట్టడు. కావాలంటే వదిన్ని అడగండి."

ఇది అబద్ధం కాదు. అబద్ధమైతే ఈ కథ ఇంతదాకా వచ్చేదే కాదు, ఎవరో ఒకరు మొదటిరోజే దొరికిపోయేవాళ్లు.

వాళ్ల దుకాణంలో కటింగ్ బల్ల మీద, సుద్దముక్కల పక్కన, ఒక పాత బొత్తాల డబ్బా ఉంటుంది. అందులో బొత్తాలుండవు. కాగితంలో మడిచిన చిన్న పొట్లాలుంటాయి, ఒక్కో పొట్లంలో పెద్ద బిళ్ళ ఒకటి, చిన్న బిళ్ళ ఒకటి. దాన్ని 'జత' అంటారు. వీధి మొగలో మందుల షాపువాడు విడిగా గుప్పెళ్లతో పోసిస్తాడు. పొద్దస్తమానం నిలబడి కత్తిరించేవాడికి మోకాళ్లు, వంగి కుట్టేవాడికి నడుము. టీ రాగానే డబ్బా మూత తెరుచుకుంటుంది. "ఒక జత ఇటు పారెయ్యి" అంటారు, సూదో దారమో అడిగినట్టు. సూది సామాను, దారం సామాను, జత కూడా సామానే. మందంటే డాక్టరు రాసిచ్చేది, సీసాలో ఉండేది, రోగం వచ్చినవాడు మింగేది. మోకాళ్ల నొప్పి రోగమని ఆ దుకాణంలో ఎవరన్నారు? స్కూలు యూనిఫారాల సీజన్లో మాస్టర్ మోకాళ్లు బుడగల్లా వాచేవి. జత వేసుకుని, గుడ్డ పరిచి, కత్తెర అందుకునేవాడు. ఏళ్ల తరబడి అంతే.

అందుకే మందులు వాడతారా అని అడిగినప్పుడల్లా కాజాలమ్మ నిండు మనసుతో లేదంది.

ఇప్పుడు మాత్రం ఆమె చెయ్యి చీర కొంగు మీద బిగిసింది. కొంగు చివర ముడి ఉంది. ముడిలో పాత వార్తాపత్రిక ముక్కల్లో మడిచిన పొట్లాలు ఉన్నాయి.

ఆపరేషనైన రెండోనాడే సర్జనమ్మ మాస్టర్ మంచం పక్కన నిలబడి, "నడవాలి. ఎంత త్వరగా నడిస్తే అంత త్వరగా ఇంటికి" అంది. మాస్టర్ చెప్పిన మాట వినే మనిషి. కొలత ఇచ్చాక అర అంగుళం అటూ ఇటూ పోడు. లేవబోయాడు, మోకాళ్లు లేవనివ్వలేదు. సిస్టర్ వెళ్లాక భార్యని దగ్గరికి పిలిచి గుసగుసగా, "ఇదిగో, డబ్బాలోంచి గుప్పెడు జతలు పట్టుకురా. మోటారుకి చెప్పకు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు. ఆమె తెచ్చింది. పొద్దున్నే ఒక జత ఇచ్చేది, గోరువెచ్చటి నీళ్లతో. కాసేపటికి ఆయన గోడ పట్టుకోకుండా వరండా చివరిదాకా వెళ్లి వచ్చేవాడు. సిస్టర్లు పక్క మంచాలవాళ్లకి, "అదుగో, ఆయన్ని చూసి నేర్చుకోండి" అని చూపించేవాళ్లు. కాజాలమ్మ ఆ మాటకి ఎంత పొంగిపోయిందో! మొగుడు నడుస్తుంటే వెనక గొట్టం సంచీ పట్టుకుని పెళ్లినాటి నడకలా నడిచింది.

ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. వరండాలో ఆడపడుచులున్నారు, తోటికోడలుంది. రేపు మాస్టర్‌కి ఏదైనా అయితే, డాక్టరు చేతిలో పోయాడనరు, పెళ్లాం చేతిలో పోయాడంటారు. ఆ మాట ఆమె బతికినంతకాలం వెంట వస్తుంది. విప్పకపోతే ఈవిడ ఏమీ తెలియకుండా ఆయన పొట్ట రెండోసారి కోస్తుంది. పోనీ మోకాళ్ల బిళ్ళకీ పేగుకీ ఏం సంబంధం, అని ఒక పిచ్చి ఆశ కూడా వచ్చింది. మోకాలు ఎక్కడ, పొట్ట ఎక్కడ!

"మందులంటే..." అంది కాజాలమ్మ. "నొప్పి బిళ్ళలు కూడా లెక్కలోకి వస్తాయాండీ?"

సర్జనమ్మ తల ఎత్తింది.

కొంగు ముడి విప్పడానికి కాజాలమ్మకి చాలాసేపు పట్టింది. ఎంత సన్నటి దారమైనా విప్పగలిగిన వేళ్లు, తను వేసుకున్న ముడి దగ్గర మొరాయించాయి. పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. సర్జనమ్మ పెద్ద బిళ్ళని వేలితో పక్కకి జరిపి, చిన్నదాన్ని అరచేతిలోకి తీసుకుంది. కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది ఎన్నాళ్లనుంచి?"

"ఏళ్లనుంచండీ."

"ఇక్కడ చేరాక కూడా?"

"ఇవాళ పొద్దున కూడా ఇచ్చాను."

సర్జనమ్మ అరవలేదు. అరిచి ఉంటే కాజాలమ్మకి కాస్త సుఖంగా ఉండేది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని తెరిచింది.

"అందుకేనన్నమాట జ్వరం రాలేదు" అంది తనలో తను. "నొప్పి ఉందా అంటే లేదన్నాడు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగా ఉంది. నేనూ సంతోషపడ్డాను." తర్వాత కాజాలమ్మ వైపు తిరిగింది. "అమ్మా, ఈ పెద్దది ఉత్త నొప్పి బిళ్ళ. ఇది కూడా అతుకుకి మంచిది కాదంటారు. అసలు సంగతి ఈ చిన్నది. ఇది స్టెరాయిడ్. వాపు తీసేస్తుంది, ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ గాయం మానాలంటే ముందు కొంచెం వాపు రావాలి, ఎరుపెక్కాలి. అక్కడే కొత్త కండ పుడుతుంది. ఇది ఆ పని జరగనివ్వదు. లోపల కుళ్లుతున్నా జ్వరాన్ని, నొప్పిని కప్పి పెడుతుంది. మాకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది."

"అయితే ఇప్పుడే ఆపేస్తానండీ. ఇంక ముట్టుకోను."

"ఆపకూడదు. అదే ఖర్మ. ఇన్నేళ్లు బయటనుంచి పోసేసరికి ఒంట్లో తయారవ్వాల్సింది తయారవడం మానేసింది. టక్కున ఆపితే బీపీ పడిపోయి మనిషి అక్కడికక్కడే పోవచ్చు. ఆపరేషన్ బల్ల మీద నేనే ఆ మందు సూదిలో ఇవ్వాలి. ఇస్తే గాయం మానదు. ఇవ్వకపోతే మనిషి ఉండడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని మనవాళ్లు ఊరికే అనలేదు. కానీ ఆ మాట అన్నవాడికి అటో ఇటో దూకే వీలుంది. ఇక్కడ రెండూ ఒకే గొయ్యి.

"ముందే తెలిసుంటే?" అంది కాజాలమ్మ.

సర్జనమ్మ చిన్న బిళ్ళని తిరిగి కాగితంలో పెట్టింది. "కొసలు కలిపేదాన్ని కాదు. పేగు కొసని పొట్ట మీదకి తెచ్చి సంచీ పెట్టేదాన్ని. కొన్ని నెలలు ఆగి, ఇవి మెల్లమెల్లగా తగ్గించి, అప్పుడు కలిపేదాన్ని."

"అంటే వీటివల్లే ఊడిందాండీ?"

"వీటివల్లే అని ఒట్టేసి చెప్పలేను. ఏ మందూ వాడనివాళ్లకి కూడా ఒక్కోసారి విడిపోతుంది. వీటివల్ల కాదని కూడా చెప్పలేను."

ఆ ఒక్క మాట దగ్గర కాజాలమ్మకి దుఃఖం వచ్చింది. తప్పు తనదే అంటే తలవంచుకుని మోసేది. కాదంటే ఊపిరి పీల్చుకునేది. అవునో కాదో ఎప్పటికీ తేలదంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇప్పుడు చెయ్యాల్సింది చేద్దాం" అంది సర్జనమ్మ. "అతుకు విప్పి, కడిగి, సంచీ పెట్టాలి. ఆశ చాలా తక్కువ, మీ దగ్గర దాచను. ఒక్క సంగతి సరిగ్గా చెప్పండి. రోజుకి ఎన్ని?"

"ఒక జతే."

"ఒక్కటేనా? పొద్దున తీసిన రక్తం చూస్తే కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. రోజుకి ఒక్క నొప్పి బిళ్ళకి ఇంత దెబ్బ తగలకూడదే... మీరు చెప్పే లెక్కని బట్టే మత్తు డాక్టరుగారు ఏ మందు ఎంత ఇవ్వాలో చూసుకుంటారు."

"ఒట్టు. ఒక్కటే. నా చేత్తో ఇచ్చాను."

సర్జనమ్మ ఒక్కటేనా అని అడిగినప్పుడు మోటారు చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్లి వెనక్కి వచ్చింది. మరుక్షణం నోరు స్టార్టయింది.

"వదినా! నువ్వా! నువ్వు ఇచ్చావా?" అని గదిలోంచి విసురుగా బయటికి నడిచాడు. వరండాలో చేరినవాళ్లతో, "డాక్టరమ్మ తప్పేం లేదు. బిళ్ళలు మింగించి చంపుతోంది మా వదినే!" అన్నాడు. ఆడపడుచులు బెంచీ మీద జరిగి కూర్చున్నారు, కాజాలమ్మకి చోటివ్వడానికి కాదు, ఆమె కూర్చోకుండా ఉండటానికి.

ఆమె కూర్చోలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్లింది.

మాస్టర్ ముఖం సుద్దలా ఉంది. పెదాలు ఎండిపోయాయి. కానీ కళ్లు తేటగానే ఉన్నాయి. భార్యని చూసి, "మళ్లీ కోస్తారట కదా" అన్నాడు. "ఒక జత ఇవ్వు. ఆపరేషన్ గదిదాకా నడిచే వెళ్తాను. డాక్టరమ్మ చూస్తే సంతోషిస్తుంది."

కాజాలమ్మ చెప్పేసింది. దాచకుండా, ఏడవకుండా, కచ్చా కుట్టు సంగతీ చిన్న బిళ్ళ సంగతీ చెప్పింది. మాస్టర్ కప్పు వంక చూస్తూ విన్నాడు.

"అయితే కుట్టు బాగానే ఉందన్నమాట" అన్నాడు చివరికి. "బట్టే చివికింది. చివికిన బట్ట మీద ఎవరు కుట్టినా నిలవదే. ఆవిణ్ణి ఏమీ అనొద్దని మోటారుకి చెప్పు."

"నన్నేమైనా అనండి."

"నిన్నేమంటాను? అడిగింది నేను." ఆయన చెయ్యి ఆమె చేతిని వెతుక్కుంది. "సంచీ పెడతారా? దుకాణంలో అందరి ముందూ... సర్లే. కోటు పొడుగ్గా కుట్టుకుంటే కనపడదు. కొలత నేనే తీసుకుంటా."

ఆయన నవ్వబోయాడు. ఆ కోటు కుట్టడం ఉండదని ఇద్దరికీ అనిపించింది.

స్ట్రెచర్ వచ్చింది. ఇద్దరు వార్డు బాయ్‌లు దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, "ఊఁ" అని ఆయన్ని లేపి పక్కకి మార్చారు. దిండు జారింది. దిండు కింద నుంచి ఏదో నేల మీద పడింది.

చిన్న పొట్లం. కాజాలమ్మ వంగి తీసుకుంది. తన చేతి పొట్లమే అనుకుంది మొదట. కాదు. తనవన్నీ వార్తాపత్రిక ముక్కలు. ఇది గోధుమరంగు కాగితం, దుకాణంలో కొలతలు గీసే మందపాటి కాగితం. విప్పింది. పెద్దది ఒకటి, చిన్నది ఒకటి.

మధ్యాహ్నాలు ఆమె ఇంటికి స్నానానికి వెళ్లినప్పుడల్లా మాస్టర్ దగ్గర కూర్చున్నది మోటారు.

"మోటారుకి చెప్పకు" అన్నాడు ఆయన తనతో. మోటారుతో ఏమని ఉంటాడు? వదినకి చెప్పకు. పొద్దున వదిన చేతి జత, మధ్యాహ్నం తమ్ముడి చేతి జత. ఎవరికి వాళ్లు తామొక్కరమే దాస్తున్నామనుకున్నారు. ఇద్దరి భుజాల మీదా ఆయన నడిచాడు.

తల ఎత్తేసరికి స్ట్రెచర్ వరండా చివర మలుపు తిరుగుతోంది. ఆమె పరిగెత్తింది. ఆడపడుచులు లేచి నిలబడ్డారు. ఆపరేషన్ గది తలుపులు రెండూ ఆమె ముఖం మీదే మూసుకున్నాయి, పైన ఎర్ర దీపం వెలిగింది. కాజాలమ్మ అరచేతుల్తో తట్టింది. "అమ్మా! ఒకటి కాదమ్మా! రెండు! రోజుకి రెండు జతలు!" తలుపు మందం. లోపలి యంత్రాల హోరు తప్ప ఏమీ వినపడలేదు. సిస్టర్ కోసం అటూ ఇటూ చూసింది, ఎవరూ లేరు.

గోడకి ఆనుకుని మోటారు నిలబడి ఉన్నాడు. ఆమె చేతిలో గోధుమరంగు కాగితం చూశాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు. చెయ్యి మళ్లీ చొక్కా జేబు మీదకి వెళ్లింది.

కాజాలమ్మ అతన్ని తిట్టలేదు. చొక్కా పట్టుకుని తలుపు ముందుకి లాక్కొచ్చింది.

"ఇందాక డాక్టరమ్మ తలుపు తన్నావే అబ్బాయ్! ఇది తన్ను!"

మోటారు తలుపు వంక చూశాడు. వెనక చుట్టాలంతా చూస్తున్నారు. అతని కాలు నేల మీదనుంచి లేవలేదు.